చుక్కకు రొట్టె పెట్టిన చేయి

ఎదురింటి నస్రీన్ ఈ మధ్య ఒక కుక్కపిల్లను తెచ్చుకుంది. రోజూ పొద్దున ఏడు గంటలకు, కాలేజీ బస్సు వచ్చేలోపు, దాన్ని గేటు ముందుకు తెచ్చి పాఠం చెబుతుంది. నస్రీన్ చేతిలో బొటనవేలితో నొక్కితే టక్కుమనే చిన్న ప్లాస్టిక్ డబ్బీ ఒకటి ఉంటుంది. కుక్కపిల్ల కూర్చుందా, టక్, వెంటనే ఒక బిస్కెట్ ముక్క. చెప్పు నోట కరుచుకుని తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టిందా, టక్, ఇంకో ముక్క. నేను వరండాలో పేపరు చదువుకునే వేళ అది. మొదటిరోజు ఆ చప్పుడు చెవిన పడగానే చదువుతున్న వాక్యం సగంలో ఆగిపోయాను. ముక్కుకు జొన్నరొట్టె కాలుతున్న వాసన తగిలింది. కడపలో మా వీధిలో జొన్నరొట్టె కాల్చే ఇల్లు ఒక్కటీ లేదు.

“ఏం పెద్దమ్మా, అట్ల చూస్తాండారు?” అంది నస్రీన్.

“ఇది నీకెవరు నేర్పినారు?”

“ఫోన్‌లో చూసినా పెద్దమ్మా. కొట్టేది లేదు, తిట్టేది లేదు. చెప్పినట్టు చేస్తే పెట్టడమే. కొత్త పద్ధతి.”

మంచి పద్ధతేనమ్మా అని లోపలికి వచ్చి బీరువా తెరిచాను. నాకు డైరీలు రాసే అలవాటు. గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసినన్నాళ్ళూ రోగుల జ్వరాలు, నాడి, మందుల వేళలు చార్టులో రాసినట్టే ఇంటి సంగతులు కూడా ఏ రోజువి ఆ రోజు రాసుకున్నాను. రిటైరయ్యాక కూడా మానలేదు. బీరువా కింది రెండు అరలూ అవే. అన్నిటికంటే అడుగున, మూల చెద తిన్న ఎర్రట్ట డైరీ ఒకటి ఉంది. అది నా మొదటి డైరీ. అందులో నా గురించి ఏమీ లేదు. పేజీ తర్వాత పేజీ ఒక కుక్క పేరు, దాని పక్కన అంకెలు. “చుక్క. పొద్దున: పదికి మూడు. సాయంత్రం: పదికి నాలుగు.” నాకు పదకొండేళ్ళప్పటి చేతిరాత, ప్రతి అక్షరం పలక మీద దిద్దినట్టు గుండ్రంగా.

ఆ డైరీ తెరవడానికి నస్రీన్ డబ్బీ ఒక్కటే కారణం కాదు. మా చెల్లెలు సుగుణ పోయిన ఏడాది నుంచి నా దగ్గరే ఉంటోంది. మేమిద్దరం ముసలివాళ్ళం, ఇద్దరికీ పెనిమిట్లు పోయారు, ఒకే పొయ్యి చాలు అనుకున్నాం. ఆమెకు చెవులు తగ్గుతూ వచ్చి ఈ ఎండాకాలానికి దాదాపు పూర్తిగా పోయాయి. ఒకరోజు నేను మందులకు పోయి వచ్చేసరికి లోపల గడియ పెట్టి ఉంది. కాలింగ్ బెల్ కొట్టాను, తలుపు బాదాను, ఎండలో ముక్కాలు గంట నిలబడ్డాను. ఆమె వంటింట్లో చింతపండు పిక్కలు తీస్తూ కూర్చుని ఉంది. ఆ తర్వాత నుంచి నేను బయటికి పోతే బయట తాళం వేసుకుని పోవడం మొదలుపెట్టాను. “నేనేమన్నా మేకనా, దొడ్లో వేసి తడిక కట్టిపోతాండావు?” అని చెల్లెలు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన, మిషన్ పెట్టినా పెద్దగా లాభముండదని, ఇంట్లో ఒంటరిగా వదలవద్దని నాకే చెబుతూ ఉన్నాడు. చెల్లెలు ఆయన మొగం, నా మొగం మార్చి మార్చి చూసి, “ఏమంటాండాడు?” అంది. “ఏం లేదులే,” అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి రావడం నాకు తెలిసింది. అదే మాట, అదే గొంతుతో, నేను ఇంకొకరికి ఎప్పుడో చెప్పి ఉన్నాను.

మా ఊరు కర్నూలుకు పడమర, నల్లరేగడి నేల. వాన పడితే మోకాలు దిగబడేది, పడకపోతే చేయి దూరేంత నెర్రెలు విచ్చేది. మాది మట్టి మిద్దె, ముందు బోదగడ్డి కప్పిన కొట్టం, పక్కన కోళ్ళగూడు. ఇంట్లో అందరికంటే ముందు లేచేది మా అవ్వ, నాయనను కన్నతల్లి. తెల్లవారేసరికి పత్తికట్టె పొగ, జొన్నరొట్టె తట్టే చప్పుడు. నేను ఆ చప్పుడుకే లేచేదాన్ని. అవ్వ మనిషికి రెండు చొప్పున రొట్టెలు చేసి, పళ్ళెం అంచుకు మిగిలిన పిండినంతా గీకి, అరచేయంత రొట్టె ఒకటి చివరగా కాల్చేది. అది చుక్కది. ఎర్రకుక్క, నుదుటి మీద తెల్లమచ్చ. ఆ రొట్టెను బొటనవేలి గోరంత ముక్కలుగా తుంచి, గుడ్డలో కట్టి, నడుముకు దోపుకునేది. చుక్క దాన్ని ఊరికే తినడానికి లేదు. పొద్దు మునిగేలోపు ఒక్కో ముక్కా పని చేసి తినాలి.

చుక్క చేసే పనులు చూడడానికి పక్క వీధుల వాళ్ళు వచ్చేవాళ్ళు. ఎండబోసిన కొర్రల మీదికి కోళ్ళు వస్తే, ఒక్క ఈక ఊడకుండా తోలేది. అవ్వ చేతికర్ర కింద పడితే తెచ్చి ఇచ్చేది. మేం తింటున్నంతసేపూ గడప దాటేది కాదు. ఇవన్నీ అవ్వ నేర్పినవే. ఊర్లో కుక్కకు ఏదన్నా నేర్పాలంటే కట్టె తీసుకునేవాళ్ళు. అవ్వ అట్లా చేసేది కాదు. “కొట్టి నేర్పింది కొట్టేవాడు ఉన్నంతసేపే. పెట్టి నేర్పింది పాణం ఉన్నన్నాళ్ళూ,” అనేది.

ఆమెకు మోకాళ్ళ నొప్పులు. కుక్క దూరంగా కోళ్ళను తోలితే, రొట్టె ముక్క తీసుకుని లేచి అక్కడికి నడిచేసరికి కుక్క ఇంకేదో చేస్తూ ఉండేది. రొట్టె దేనికొచ్చిందో దానికి ఎట్లా తెలుస్తుంది? దానికి అవ్వ ఒక ఉపాయం పట్టింది. చనిపోయిన మా తాత మా ఊరి ఏసు గుడిలో పాటలకు చిడతలు వాయించేవాడు. గజ్జెలు ఊడిపోయి చెక్కలు మాత్రం మిగిలిన ఆయన పాత చిడతలు గూట్లో ఉండేవి. కుక్క సరైన పని చేసిన క్షణంలోనే కూర్చున్నచోటి నుంచి టక్కుమనిపించేది. తర్వాత కుక్కే పరిగెత్తుకుంటూ వచ్చి ముక్క తినేది. “రొట్టె నడిచిపోయేతలికి కుక్క మర్చిపోతాది. సప్పుడు నడిచిపోదు గదా,” అని నాకు చెప్పింది. ఆసుపత్రిలో చేరాక ఎంతోమంది పెద్ద చదువుల వాళ్ళ దగ్గర పనిచేశాను. ఒక పనిని ముక్కలుగా విడగొట్టి, ఒక ముక్క కుదిరాకే ఇంకో ముక్కకు పోవాలని అవ్వంత శాంతంగా చెప్పినవాళ్ళను చూడలేదు.

అమ్మకు చెవులు వినపడవు. నాకు నాలుగేళ్ళప్పుడు ఆమెకు జ్వరం వచ్చి, ఆరు వారాలు మంచం పట్టి లేచేసరికి రెండు చెవులూ పోయాయి. తన మాట తనకు వినపడక, ఆమె గొంతు ఎత్తుపల్లాలు లేకుండా అయిపోయింది. బిగించి కట్టిన దండెంలాగా ఒకే తీరుగా, కాస్త గట్టిగా వచ్చేది. గుడిలో ప్రార్థన చేస్తే పిల్లలు నవ్వుతారని అక్కడ పెదవులు కదిపేది అంతే. ఇంట్లో అందరం ఆమెను ప్రేమగానే చూసేవాళ్ళం. కానీ ఆమె ముందే, ఆమె గురించే, ఆమె లేనట్టు మాట్లాడుకునేవాళ్ళం. అది తప్పని అప్పట్లో ఎవరికీ తోచలేదు.

సుగుణ పుట్టిన మూడో నెలలో ఆత్మకూరు నుంచి మేనత్త వచ్చింది. నాయనకు అక్క, అవ్వకు పెద్దకూతురు. పెళ్ళై పదహారేళ్ళయినా పిల్లలు లేరు. ఆమె బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి ఇంట్లో బిడ్డ ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయి ఉంది. అమ్మ కొట్టంలో రెండు బారల దూరంలో అటు తిరిగి కొర్రలు చెరుగుతోంది. అత్త బిడ్డను ఎత్తుకుని ఎదకు అదుముకుంది. ఆ సాయంత్రం నాయన పొలం నుంచి రాగానే మొదలుపెట్టింది.

“ఏమప్పా, ఇట్లనేనా బిడ్డను సాకేది? ఈ పొద్దు ఏడుపు. రేపు తేలు కుడితే? దానికి యాడ వినపడతాది?”

“అమ్మ చూసుకుంటాది గదక్కా,” అన్నాడు నాయన, అవ్వను చూపించి.

“అమ్మ కలుపుకు పోతే? నువ్వు పోతే? రూతు బడికి పోతే?” అని నా వైపు చెయ్యి చూపింది. “ నేను తీసుకపోతా. నా కండ్లల్ల పెట్టుకోని సాకుతా. పరాయిదాన్ని కాదు గదా.”

నాయన తలవంచుకుని, “నువ్వు చెప్పేది న్యాయమే,” అన్నాడు. అమ్మ వాళ్ళ ఎదురుగానే కూర్చుని ఉంది. ఒక మొగం నుంచి ఇంకో మొగానికి చూస్తోంది. నా మోచేయి పట్టుకుని, “ఏమంటాండారే?” అని అడిగింది.

“ఏం లేదులేమ్మా,” అన్నాను.

అప్పుడు అవ్వ నోరు విప్పింది. “నా కూతురి కడుపుకోత నాకు తెలీదా? పదహారేండ్లుగా తెలుసు. కానీ దీని ఒడిలోంచి తీసి నీ ఒడిలో పెడితే ఒక కోత పోయి ఇంకోటి వచ్చె. నాకు గడువియ్యి. కోత పండగకు వస్తావు గదా. అప్పటికి బిడ్డ ఏడిస్తే దాని తల్లికి తెలిసేటట్టు చేస్తా.”

“ఎట్ల చేస్తావు, కొత్త చెవులు కుట్టిస్తావా?”

“చుక్కకు నేర్పుతా.”

అత్త నవ్వింది. “యాడన్నా కుక్క బిడ్డను సాకుతాదా?”

“సాకేది తల్లి. కుక్క పిలుస్తాది, అంతే.”

కోత పండగ అంటే పంట ఇంటికొచ్చాక మా గుడిలో చేసే పండగ. అందరూ తొలి జొన్నకంకులు, గుమ్మడికాయలు, కోళ్ళు తెచ్చి దేవుని ముందు పెడతారు. దానికి రెండు నెలలు ఉంది. మరుసటి రోజే అవ్వ పని మొదలుపెట్టింది. మా బడి అయ్యవారు పారేయబోయిన పాత డైరీని అడిగి తెచ్చుకున్నాను. అవ్వకు చదువు రాదు, లెక్క నాకు అప్పగించింది. సరిగా చేస్తే గీత, చేయకపోతే సున్న.

మొదట నేను చీర ఉయ్యాల పక్కన పడుకుని పసిబిడ్డలాగా ఏడ్చేదాన్ని. చుక్క చెవులు నిక్కబొడిస్తే టక్, ముక్క. అది వారానికి కుదిరింది. తర్వాత అమ్మ వైపు ఒక అడుగు వేస్తే టక్. ఆ తర్వాత అమ్మ పక్కకు వస్తే. చివరికి అమ్మ మోచేతికి ముక్కు తగిలిస్తేనే. నా ఏడుపు పోయి బిడ్డ అసలు ఏడుపుకే చేయడం మొదలుపెట్టింది. ఏడుపు వినగానే లేచి, కొట్టంలోకి ఉరికి, అమ్మ మోచేతిని తడి ముక్కుతో పొడిచి, అవ్వ దగ్గరికి పరిగెత్తుకొచ్చి ముక్క తినేది. పదికి ఆరు, పదికి ఎనిమిది, పదికి తొమ్మిది. ఆ తొమ్మిది రాసిన రోజు పేజీ నిండా పూలు గీశాను, ఇప్పటికీ ఉన్నాయి. అమ్మ మోచేయి తుడుచుకుని, చుక్కను చూసి నవ్వి, బిడ్డ దగ్గరికి లేచిపోయేది. ఇదంతా ఎందుకో ఆమెకు ఎవరం చెప్పలేదు.

పండగకు పది రోజులుందనగా మా కొట్టంలో పాటలు నేర్చుకోవడం మొదలైంది. తాత తర్వాత నాయనే పాట ఎత్తేవాడు కాబట్టి పొద్దుగూకే వేళకు అందరూ మా ఇంటికే వచ్చారు. ఏడు జతల చిడతలు. నాయన పాట ఎత్తుకున్నాడు, ఏడు జతలూ ఒక్కసారిగా టకటకమన్నాయి.

గడప దగ్గర పడుకున్న చుక్క ఎగిరి లేచింది. తాను ఏం మంచిపని చేసిందో దానికే తెలియదు. అవ్వను చూసింది. టకటకటక. గూట్లోకి చేరిన కోళ్ళ మీదికి ఉరికింది. టకటకటక. అవ్వ చేతిలోని కర్రను లాక్కుని మళ్ళీ అవ్వకే ఇచ్చింది. టకటకటక. అమ్మ మోచేతిని పొడిచింది, పక్కనున్న సంఘపెద్ద మోచేతిని పొడిచింది, గడప మీద కూర్చుంది, లేచింది, తనకు తెలిసిన విద్యలన్నీ వరుసగా చూపించింది. ఒక్క ముక్కా రాలేదు. పాట ఆగిపోయింది, జనం కడుపులు పట్టుకుని నవ్వారు. “నీ కుక్కకు భక్తి ముదిరిందప్పా, బాప్తిస్మం ఇప్పియ్యి!” అన్నాడు సంఘపెద్ద. నేను కూడా కండ్లలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాను. అవ్వ ఒక్కతే నవ్వలేదు. వారమంతా పాటలు జరిగాక గానీ ఎందుకో నాకు అర్థం కాలేదు. చిడతల చప్పుడుకు చుక్క చెవి కూడా కదపడం మానేసింది. వెయ్యిసార్లు భలే అని ఒక్కసారి కూడా పెట్టకపోతే ఎవరు నమ్ముతారు? ఆ వారం నా డైరీలో పదికి రెండు, ఒకటి, సున్న.

అవ్వ చిడతలను గూట్లో పెట్టేసి, పొయ్యి ముందు కూర్చుని, “తప్పు నాదే. గుడిలో సప్పుడు తెచ్చి కుక్కకు పెడితిని,” అంది. ఆమె నోట అంత నీరసమైన మాట నేను వినలేదు. పండగకు మూడు రోజులే ఉంది. నాకు భయమేసింది. పోయి అమ్మ ముందు కూర్చుని, పెదవులు బాగా కదిలిస్తూ చెప్పేశాను. అత్త చెల్లెలిని తీసుకుపోతుంది, కుక్క పిలిస్తేనే వదిలిపెడుతుంది, కుక్క ఇంక పిలవడం లేదు.

అమ్మ ఆశ్చర్యపోలేదు. “తెలుసు,” అంది. “మొగాలు చూస్తే తెలీదా? నువ్వు ఏం లేదన్న పొద్దే తెలిసె.” తర్వాత తన ఆ ఒకే తీరు గొంతుతో, అవ్వకు కూడా వినపడేటట్టు అంది: “రొట్టె మీ చేతిలో పెట్టుకోని కుక్కను నన్ను పిలవమంటే యాడ పిలుస్తాది? మీరు లేనప్పుడు అది ఒక్కసారి కూడా నా దగ్గరికి రాలేదు. మీరు చూసినారా?”

మేం చూడలేదు. నా డైరీలోని గీతలన్నీ అవ్వ నడుముకు మూటతో కూర్చున్నప్పటివే. అవ్వ కలుపుకు పోయినప్పుడు, నేను బడికి పోయినప్పుడు ఏం జరిగిందో రాసేవాళ్ళు లేరు. చుక్క అమ్మను పిలవడం లేదు, అవ్వ దగ్గర ముక్క కోసం అమ్మను తాకి వస్తోంది అంతే. తర్వాతి కాలంలో ఆసుపత్రిలో చార్టు ఎంత బాగున్నా, డ్యూటీ వాళ్ళు పక్కన లేని వేళ రోగి ఎట్లా ఉన్నాడని అడిగే అలవాటు నాకు ఆ రోజు నుంచి వచ్చిందే.

అవ్వ లేచి, నడుముకున్న మూట విప్పి, కోడలి చేతిలో పెట్టింది. అమ్మ దాన్ని కొంగుకు ముడివేసుకుంది. మమ్మల్నిద్దరినీ దడి అవతలికి పొమ్మంది. ఆమెకు చిడత అక్కర్లేదు. చుక్క ముక్కు మోచేతికి తగిలిన క్షణంలోనే “వచ్చినావా తల్లీ!” అనేది, ఆ మాట వెంబడే కొంగులోని ముక్క. అట్లాంటి గొంతు ఊరిలో ఇంకెవరికీ లేదు. ఏ పాటలోనూ కలవని చప్పుడు అది. నేను దడి సందులోంచి చూసి గీతలు పెట్టాను. మొదటిరోజు పదికి రెండు, రెండో రోజు అయిదు. మూడో రోజు బిడ్డ ఏడ్చిందే ఏడుసార్లు, ఏడింటికి ఆరు.

పండగనాడు గుడి నుంచి వచ్చి, అన్నాలు తిన్నాక, అందరం కొట్టంలో కూర్చున్నాం. అమ్మ ఇంటికి వీపు పెట్టి ఇసుర్రాయి ముందు కూర్చుని కందులు విసురుతోంది. పక్కన చుక్క. బిడ్డ లోపల ఉయ్యాలలో. అందరం ఏడుపు కోసం కాచుకుని ఉన్నాం. పిల్ల నిద్రపోతోంది. రోజూ ఇల్లు ఎగరగొట్టే పిల్ల ఆ మధ్యాహ్నం హాయిగా నిద్రపోతూనే ఉంది.

“ఏమే రూతూ, నీ చెల్లెలికి ఈ పొద్దు ఏడ్చేది గ్యాపకం లేదా?” అంది అత్త.

“బిడ్డ నిద్రపోతే స్తోత్రం చెప్పల్ల గానీ, ఏడుపుకు కాసుకోని కూసుంటారా ఎవరన్నా?” అంది అవ్వ.

కొంతసేపటికి అత్త ఉండబట్టలేక లేచి లోపలికి పోయింది. వాకిలిలోంచి నాకు ఆమె వీపు కనబడుతోంది. వంగింది. బిడ్డను ఎత్తుకుంది. బిడ్డ కేరుమంది. ఆ రోజు డైరీలో నేను “అత్త గిల్లింది” అని రాశాను. అది నేను చూడలేదు. ఆసుపత్రిలో వేలమంది పసిబిడ్డలను ఎత్తిన చేతులతో ఇప్పుడు చెబుతున్నాను, నిద్రలో ఉన్న బిడ్డ కొత్త ఎద మీద కండ్లు తెరిస్తే ఏడుస్తుంది. ఆ మాటను మొన్న కొట్టేశాను.

చుక్క లేచింది. వాకిలి వైపు చూసింది. తర్వాత అవ్వ వైపు చూసింది. అవ్వ తన రెండు చేతులనూ కొంగు కింద దాచుకుని, మొగం అటు తిప్పుకుంది. చుక్క ఒక క్షణం నిలబడి, వెనక్కి తిరిగి, అమ్మ మోచేతిని పొడిచింది. ఇసుర్రాయి ఆగింది.

“వచ్చినావా తల్లీ!”

అమ్మ మొదట దాని ముక్క దానికి పెట్టింది. తర్వాత చేతులు దులుపుకుని లేచి తిరిగింది. గడపలో అత్త, చేతుల్లో ఏడుస్తున్న బిడ్డ. అమ్మ రెండు చేతులూ చాచి నిలబడింది. అత్త చేతులు వదలడానికి పట్టిన ఆ కాస్త సమయం నేను ఏ డైరీలోనూ రాయలేకపోయాను. ఆ తర్వాత బిడ్డను ఇచ్చి, వంగి, చుక్క నుదుటి మచ్చను వేలితో తాకింది. సాయంత్రం బస్సు ఎక్కేముందు అవ్వతో అంది: “ఈసారి ఇది ఈనితే ఒక ఆడపిల్లను నాకియ్యమ్మా. ఇంట్లో నన్ను పిలిచేటిది ఒకటుండల్ల గదా.” చుక్క మరుసటి ఏడాది ఈనింది. నాయన ఒక పిల్లను గంపలో పెట్టుకుని ఆత్మకూరు బస్సెక్కాడు.

ఇవన్నీ సుగుణకు ఎవరం చెప్పలేదు. చెప్పాల్సినవాళ్ళు ఒక్కొక్కరూ పోయారు, నేనొక్కదాన్ని మిగిలాను. పోయిన ఆదివారం ఎర్రట్ట డైరీని ఆమె ఒడిలో పెట్టి, అందులో లేనిదంతా తెల్లకాగితాల మీద పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాను. కండ్లద్దాలు పెట్టుకుని మెల్లగా చదివింది. చదివి కాగితాలు మడిచింది.

“అత్త ప్రతి కోత పండక్కీ నాకే గౌను తెచ్చేది. నీకు తెచ్చేది కాదు. ఎందుకో ఇప్పుడు తెలిసె,” అంది. తర్వాత ఇంకో కాగితం ఎత్తి చూపింది. డాక్టరు ఆ రోజు చెప్పిన మాటలు, ఒక్కటీ దాచకుండా రాసిన కాగితం అది. “ఇది ఆ పొద్దే చెప్పింటే నీ సొమ్మేం పోయ్యేది?” అంది. తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాను.

మా గేటు లోపల ఒక వీధికుక్క పడుకుంటుంది. గోధుమరంగుది, శాంతం. సుగుణే దానికి రోజూ మిగిలిన అన్నం పెడుతుంది. సోమవారం బజారుకు పోయి జొన్నపిండి తెచ్చాను. నా చేతులకు రొట్టె తట్టడం మర్చిపోయి ఎన్నాళ్ళయిందో, నాలుగు విరిగిపోయాక ఒకటి నిలిచింది. గోరంత ముక్కలు చేసి స్టీలు డబ్బాలో వేశాను. నస్రీన్ చూసి పరిగెత్తుకొచ్చింది. “పెద్దమ్మా, నా టక్కుడబ్బీ తీసుకోండి, తొందరగా నేర్చుకుంటాది,” అంది. వద్దమ్మా అన్నాను. డబ్బాను చెల్లెలికి ఇచ్చి, బెల్‌ను, కుక్కను, ఆమె మోచేతిని వేలితో చూపించాను. ఆమె తల ఊపింది. నేను గేటు బయటికి పోయి, గోడ పక్కన, కనబడకుండా నిలబడ్డాను.

ఇప్పుడు రాస్తున్న ఈ డైరీలో అంకెలు మళ్ళీ మొదలయ్యాయి. సోమవారం పదికి సున్న. మంగళవారం సున్న. బుధవారం ఒకటి, అది కూడా ఈగ కోసం లేచిందేమోనని అనుమానంగా పక్కన చుక్క పెట్టాను. అన్ని డైరీల్లో ఎన్ని అంకెలు రాశానో లెక్కలేదు. కానీ నాకు అమ్మ గొంతు గుర్తు లేదు. దండెంలాగా అని రాయగలను, వినలేను. మాటలు తెలుసు, వాటి చప్పుడు ఎప్పుడో పోయింది. నాయన గొంతు ఉంది, అవ్వది ఉంది, అమ్మదే లేదు.

నిన్న పొద్దున బెల్ కొట్టి గోడ పక్కన నిలబడ్డాను. వరండాలో గోళ్ళు బండల మీద టపటపమన్నాయి. ఆ తర్వాత లోపల నుంచి, తన గొంతు తనకు వినపడని మనిషి మాట, ఎత్తూ పల్లమూ లేకుండా, వీధికంతా వినబడేంత గట్టిగా వచ్చింది.

“వచ్చినావా తల్లీ!”

గేటు తీయడానికి చెల్లెలు వచ్చేదాకా నేను గోడకు ఆనుకునే ఉన్నాను. గీత పెట్టడం మర్చిపోయాను.